పక్షవాతానికి లైటు చికిత్స చేయించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. బీపీ ఉంది. మూడు వారాల కిందట కుడి కాలు, చెయ్యి పడిపోయి మాట తడబడింది. రెండు గంటల్లో ఆస్పత్రికి చేర్చాం. స్కాన్ చేసి గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చారు. ఇప్పుడు పట్టుకుంటే నడుస్తున్నారు కానీ చెయ్యి సరిగా లేవడం లేదు. ఇంజెక్షన్‌తో పాటే తలకు లేజర్ లైటు పెట్టించి ఉంటే బాగా కోలుకునేవారని తెలిసినవాళ్లు అంటున్నారు. మేము పొరపాటు చేశామా? ఇప్పుడైనా పెట్టించమంటారా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: మీరు పొరపాటేమీ చేయలేదమ్మా. మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా. మీరు రెండు గంటల్లో చేర్చారు కాబట్టే ఇంజెక్షన్ ఇవ్వగలిగారు. మామూలుగా దాన్ని నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ముందు పసరు తాగించి, సాయంత్రానికి ఆస్పత్రికి తెచ్చేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. చాలా బాధేస్తుంది.

ఇక లైటు సంగతి. ఇంజెక్షన్ గడ్డను కరిగించి రక్తానికి దారి ఇస్తుంది. లైటు గడ్డను కరిగించదు. కంటికి కనిపించని పరారుణ కాంతిని తల మీద పెడితే, కణాల్లోని మైటోకాండ్రియా దాన్ని పీల్చుకుని ఎక్కువ శక్తి తయారుచేస్తుందని, చావుబతుకుల్లో ఉన్న కణాలు నిలదొక్కుకుంటాయని శాస్త్రవేత్తల ఆలోచన. ఒకటి దారి తెరుస్తుంది, ఇంకొకటి కణాన్ని కాపాడుతుంది కాబట్టి రెండూ కలిపితే మేలన్న ఆశ సహజమే. కుందేళ్లలో కలిపి చూస్తే మెదడులో రక్తస్రావం పెరగలేదు కూడా.

మనుషుల దగ్గరకు వచ్చేసరికి ఆ ఆశ నిలవలేదు. నెస్ట్ పేరుతో మూడు పరీక్షలు జరిగాయి. పక్షవాతం వచ్చిన 24 గంటల లోపు, జుట్టు తీసేసి, తల మీద 20 చోట్ల రెండేసి నిమిషాలు లేజర్ పెట్టారు. 120 మందితో చేసిన మొదటి పరీక్షలో మంచి ఫలితం కనిపించింది. 660 మందితో చేసిన రెండోదాంట్లో తేడా తేలలేదు. మూడోదాన్ని ఉపయోగం లేదని 2012లో మధ్యలోనే ఆపేశారు. మన పుర్రె కుందేలు పుర్రె కన్నా చాలా మందం, కాంతి లోపలికి అంతగా చేరదు. పైగా గడ్డ కరిగే ఇంజెక్షన్ తీసుకున్నవారిని ఆ పరీక్షల్లో చేర్చుకోలేదు. అంటే మీకు చెప్పిన 'రెండూ కలిపి' చికిత్సకు ఆ పరీక్షల నుంచి ఆధారం లేదు. మూడు వారాల తర్వాత పెట్టించమని నేనైతే చెప్పను.

ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి. మొదటి మూడు నెలల్లోనే మార్పు ఎక్కువగా కనిపిస్తుంది. చేతికి ఊరికే మసాజ్ చేస్తే చాలదు. గ్లాసు పట్టుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం ఆయన చేతే, రోజూ, పదే పదే చేయించండి. ఆలస్యమైనా మీరు అందుకోవద్దు. లేపేటప్పుడు మాత్రం ఆ చెయ్యి పట్టుకుని లాగకండి, భుజం కీలు జారుతుంది. బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు.

మళ్లీ మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా ఆ టైమ్ రాసుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లండి. స్కాన్ కాకముందు ఇంట్లో ఆస్పిరిన్ వేయకండి. అది గడ్డ కాక రక్తస్రావం అయితే, ఆ మాత్రే ప్రమాదం తెస్తుంది.