వాటర్ లైన్ వస్తోంది, 24,000 డాలర్ల బిల్లుతో

ప్రశ్న: నాకు 67 ఏళ్ళు. మావారు పోయాక మిన్నెసోటాలో మా ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. 26 ఏళ్ళుగా మా బోరు నీళ్ళే వాడుతున్నాం, ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు సిటీవాళ్ళు మా వీధిలో వాటర్ లైన్ వేస్తారట. స్పెషల్ అసెస్‌మెంట్ (పని ఖర్చులో ఇంటి యజమానుల మీద వేసే వాటా) కింద నా వంతు 24,000 డాలర్లని ఉత్తరం వచ్చింది. మాది వీధి మూల స్థలమని వీధి వైపు పొడవు రెండు వైపులా కొలిచి వాటా వేశారు. అక్కర్లేని నీళ్ళకి ఇంత డబ్బు కట్టాలా? సిటీవాళ్ళు మా మాట వినే హియరింగ్‌కి వెళ్ళి గట్టిగా అడుగుదామనుకుంటున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, హియరింగ్‌కి తప్పకుండా వెళ్ళండి. కానీ చేతిలో సంతకం పెట్టిన కాగితం లేకుండా వెళ్ళకండి. ‘ఈ అసెస్‌మెంట్‌కి నేను అభ్యంతరం చెబుతున్నాను’ అని రాసి, ఇంటి అడ్రసు, పార్సిల్ నంబరు (మీ స్థలానికిచ్చిన నంబరు) వేసి, ముందే సిటీ క్లర్క్‌కి ఇవ్వండి. మీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, మా వీధికి లైన్ వేసినప్పుడు నేనిది చెయ్యలేదు. సిటీ కౌన్సిల్ ముందు మూడు నిమిషాలు మాట్లాడాను. ఇరుగుపొరుగు చప్పట్లు కొట్టారు, నా పని అయిపోయిందనుకున్నాను. తర్వాత లాయరు దగ్గరికి వెళితే ఆయన అడిగిన మొదటి మాట, ‘రాసిచ్చారా?’ అని. లేదన్నాను. ఫైలు మూసేశారు. మిన్నెసోటా చట్టం 429వ అధ్యాయం ప్రకారం, రాతపూర్వక అభ్యంతరం హియరింగ్ ముగిసేలోపు అందకపోతే కోర్టుకి వెళ్ళే దారి దాదాపు మూసుకుపోయినట్టే. హియరింగులు రెండుంటాయి: లైన్ వెయ్యాలా వద్దా అన్నది ఒకటి, ఎవరి మీద ఎంత వెయ్యాలన్నది రెండోది. మీ కాగితం అందాల్సింది రెండోదానికి. మొదటిదాంట్లో మాట్లాడాం కదా అని ఊరుకోవద్దు.

ఇక ఏం రాయాలి? ‘నాకు నీళ్ళు అక్కర్లేదు’ అన్నది న్యాయమైన మాటే, కానీ చట్టం దాన్ని చూడదు. లైన్ వల్ల మీ ఇంటి మార్కెట్ ధర ఎంత పెరుగుతుందో, అసెస్‌మెంట్ అంతకు మించకూడదు. చట్టం చూసే ముఖ్యమైన కొలత అది. అందుకని అప్రైజర్‌తో (ఇంటి విలువ కట్టేవారితో) లైన్‌కి ముందు ధర, తర్వాత ధర రాయించండి. ఫీజు అవుతుంది, అయినా మీ విషయంలో ఆ ఖర్చు దండగ కాదంటాను. ఒక్క ఇంటికి ఒక్క కనెక్షన్ చాలు. రెండో వైపు కొలిచినందువల్ల మీ ఇంటి విలువ ఇంకెంత పెరుగుతుందో వాళ్ళనే చూపించమనండి. కౌన్సిల్ ఖరారు చేశాక కోర్టులో అప్పీలుకి 30 రోజులే గడువు.

కట్టక తప్పకపోతే, అదే 30 రోజుల్లో మొత్తం కట్టేస్తే వడ్డీ ఉండదు. లేకపోతే ఏటా ప్రాపర్టీ టాక్స్‌తో కలిపి వడ్డీతో కిస్తులుగా కట్టాలి. 65 దాటిన ఇంటి యజమానికి కట్టడం భారమైతే, అసెస్‌మెంట్‌ను వాయిదా వేసే అధికారం సిటీకి ఉంది. అది తప్పనిసరి కాదు, మీరే దరఖాస్తు పెట్టుకోవాలి. వడ్డీ పెరుగుతుందా, ఇల్లు అమ్మితే మొత్తం ఒకేసారి కట్టాలా అన్నవి రాతలో అడగండి.

24,000తో ఆగుతుందనుకోవద్దు. మీ స్థలం హద్దు నుంచి ఇంటిదాకా పైపు, కనెక్షన్ ఫీజు, మీటరు సాధారణంగా విడి ఖర్చులు. కనెక్షన్ తీసుకోవడం తప్పనిసరా కాదా అన్నది మీ సిటీ ఆర్డినెన్స్‌లో (సిటీ చేసిన స్థానిక చట్టంలో) ఉంటుంది, క్లర్క్‌ని కాపీ అడగండి. బోరు వాడకం మానేస్తే ఊరికే వదిలెయ్యకూడదు. లైసెన్సున్నవాళ్ళతో సీల్ చేయించాలి, లేదా దాన్ని సీల్ చెయ్యకుండా ఉంచుకునేందుకు మెయింటెనెన్స్ పర్మిట్ తీసుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం మీతో ఏకీభవించను. ‘ఏ ఇబ్బందీ లేదు’ అన్నారు. చివరిసారి నీళ్ళు ఎప్పుడు పరీక్ష చేయించారు? 1974 నాటి ఫెడరల్ తాగునీటి చట్టం సొంత బోర్లకి వర్తించదు, పరీక్ష బాధ్యత మనదే. ఆర్సెనిక్ అనే విషానికి రంగూ రుచీ వాసనా ఉండవు. ఆర్సెనిక్, నైట్రేట్, బాక్టీరియా మూడింటికీ పరీక్ష చేయించండి. నైట్రేట్ లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫలితం బాగుంటే మీకు ధైర్యం. బాగోలేకపోతే సిటీ నీళ్ళు అక్కర్లేదన్న మాట మీరే మళ్ళీ ఆలోచించుకోవాలి.

హియరింగ్ తేదీ ఎప్పుడో రాయలేదు మీరు. ఉత్తరం సాధారణంగా రెండు వారాల ముందే వస్తుంది. ఈ సంచిక మీకు అందేసరికి ఎన్నాళ్ళు మిగిలిందో తెలియదు కాబట్టి, ముందు ఆ తేదీ చూసుకుని, కాగితం ఇవాళే రాసెయ్యండి.