ఎదిగిన కుక్కను దత్తత తీసుకోవచ్చా?

ప్రశ్న: జంతు సంరక్షణ కేంద్రంలో రెండేళ్ల నాటు కుక్కను చూశాము. అంత వయసు వచ్చినది మాకు అలవాటు పడుతుందా? మా అపార్ట్‌మెంట్ సంఘం కుక్కలు వద్దంటోంది.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నిస్సంకోచంగా తెచ్చుకోండి. పిల్లగా ఉన్నప్పుడు తెస్తేనే మచ్చిక అవుతుందన్న అపోహ వల్ల ఎన్నో మంచి కుక్కలు ఆశ్రయాల్లోనే ముసలివైపోతున్నాయి. నిజానికి ఎదిగిన కుక్క ఎంత పెరుగుతుందో, దాని స్వభావం ఏమిటో ముందే తెలుస్తుంది కాబట్టి మీవంటి వారికి అదే మేలు. మొదటి కొన్నాళ్లు అది మంచం కింద దూరి, తిండి ముట్టకుండా, గిన్నె చప్పుడుకే ఉలిక్కిపడవచ్చు. అప్పుడు బయటికి లాగకుండా, నీళ్లు, తిండి దగ్గరలో పెట్టి, అది తనంతట తానే వచ్చేవరకు ఓపిక పట్టండి. ఉల్లిపాయ కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తుంది కనుక మిగిలిన సాంబారన్నం మాత్రం పెట్టకండి. తెచ్చుకునేటప్పుడు రేబిస్ టీకా, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స వివరాలున్న కార్డు అడిగి తీసుకొని, జీహెచ్‌ఎంసీలో నమోదు చేయించండి. ఇక సంఘం మాటకు వస్తే, మెజారిటీ తీర్మానంతోనైనా పెంపుడు జంతువులను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ ప్రతిని వారికి మర్యాదగా చూపించండి.