రాజీనామా పెట్టే ముందు ఒక్కసారి చదువు బుజ్జీ

బుజ్జీ, నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అది ఉద్యోగం మానేస్తుందట అన్నయ్యా అంటూ ఏడుపొక్కటే తక్కువ. నాకు నిద్రపట్టలేదు. సగం భయం, సగం గర్వం, నీకు తెలియకపోవడమే మంచిదిలే.

సొంత కంపెనీ పెట్టడానికి రిజిస్ట్రేషన్, జీఎస్టీ, ఆడిటర్ అవన్నీ నీకు తెలుసు, ఏడాది ఖర్చులు పక్కన పెట్టుకో. నా భయం వేరే. నువ్వు చేయబోయేది మైక్రోసాఫ్ట్ వాళ్ల మీటింగ్ సాఫ్ట్‌వేర్ టీమ్స్‌లో మీటింగ్ విని సారాంశం రాసిచ్చే యాడ్-ఆన్ అట కదా, అది వాళ్ల ఏఐ సహాయకుడు కోపైలట్ ఇప్పటికే చేస్తోందే తల్లీ! పదిమందికీ కావాల్సింది ఏదైనా సరే తెచ్చి ఉన్న ప్యాకేజీలో కలిపేయడం మైక్రోసాఫ్ట్‌కి మొదట్నుంచీ అలవాటు. విండోస్‌లో బ్రౌజర్ కలిపితే 1998లో అమెరికా ప్రభుత్వమే కోర్టుకి లాగింది. ఆఫీస్‌తో టీమ్స్ కలిపిచ్చారని 2020లో ఆఫీసు చాట్ యాప్ స్లాక్ వాళ్లు యూరప్‌లో ఫిర్యాదు చేశారు, అక్కడ విడిగా అమ్మేసరికి 2023 వచ్చింది, అప్పటికి జనానికి టీమ్సే అలవాటైపోయింది. మన హైదరాబాద్ సత్య నాదెళ్ల 2014లో సీఈఓ అయ్యాక క్లౌడ్ అన్నాడు, 2019లో, తర్వాత చాట్‌జీపీటీ తెచ్చిన ఓపెన్‌ఏఐలో వంద కోట్ల డాలర్లు పెట్టాడు, ఈ కలిపి అమ్మడం మాత్రం మానలేదు.

అలాగని వాళ్ల ప్రతి ప్రకటనకీ బెదిరిపోకు. నేను అలా బెదిరే మునిగా. 1999లో మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ భాష వీబీ6లో రైస్ మిల్లులకి లెక్కల ప్రోగ్రాం రాశా, తాడేపల్లిగూడెం వైపు పదకొండు మిల్లులు, బస్తాలు, నూక, తవుడు, లెవీ బియ్యం అన్నీ ఒకే స్క్రీన్‌లో. ఒక గుమస్తాగారైతే మౌస్ ముట్టుకునేవాడు కాదు, టకటకా ఎంటర్ కొట్టుకుంటూ నెలాఖరు లెక్క పావుగంటలో తేల్చేసేవాడు. 2002లో దాని బదులు మైక్రోసాఫ్ట్ కొత్తది డాట్‌నెట్ వచ్చింది, వీబీ6 పనైపోయిందన్నారు అందరూ, ఇంకేముంది, మొత్తం తిరగరాయడం మొదలెట్టా. పాత కోడ్‌ని కొత్తదానికి మార్చే విజార్డ్‌లో పడేస్తే కోడ్ నిండా వార్నింగులే, ఒక్కోటీ సరిచేస్తూ మూడేళ్లు కూర్చున్నా. గుమస్తాగారు రెండుసార్లు ఫోన్ చేశాడు, బాబూ 2005 ఏప్రిల్ నుంచి వ్యాట్ అంట, బిల్లు మార్చాలి అని. కొత్త వెర్షన్‌లో ఇస్తానండీ అన్నా. పాతదాంట్లో వారం పని అది, వారం! మేలో వెళ్తే ఆ టేబుల్ మీద వేరేవాళ్ల ప్రోగ్రాం నడుస్తోంది. పాపం ఆయన నా మొహం చూడలేక టీ తెప్పించాడు.

తమాషా ఏంటంటే వీబీ6 ప్రోగ్రాములు విండోస్ 11లో కూడా నడుస్తున్నాయి. పాతవి ఆగిపోకుండా చూస్తారు కాబట్టేగా ఆఫీసులు వాళ్లని వదలవు! అది నాకప్పుడు తట్టలేదు, తప్పు నాదే.

నాలుగేళ్లు ఆస్పత్రి బిల్లింగ్‌లో చేశావు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎందుకు తిరిగొస్తుందో నీకు తెలిసినంత రెడ్‌మండ్ మైక్రోసాఫ్ట్ ఆఫీసులో ఎవడికీ తెలీదు, దాని మీద పెట్టు బుర్ర. కావాలంటే టీమ్స్‌లోనే పెట్టి అమ్ము, కానీ ఏదైనా ఆగిపోతే బిల్లింగ్ వాళ్లు ఫోన్ చేసేది నీకే అయ్యుండాలి. చేస్తే ఎత్తు, నాలాగా కాదు.

ఇల్లు తాకట్టు పెట్టకు, అమ్మ గాజుల జోలికీ పోకు. మార్చిలో నా ఎఫ్‌డీ ఒకటి చేతికొస్తుంది, మొహమాటపడితే తంతా. ఆదివారం రా, అత్తయ్య గుత్తివంకాయ చేస్తానంది.

మామయ్య