తుఫాను చెత్త తీయడానికి మాస్కు, గ్లౌజులు ఉంటే చాలా?

చాలవు. ముందు మీ వాకిట్లో సిమెంటు రేకులేమైనా పడ్డాయేమో చూసుకోండి. వాటి గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వైజాగ్ మీద పడ్డప్పుడు పక్కింటి డాబా మీది రేకులు ఎగిరొచ్చి మా వాకిట్లో పడ్డాయి. మర్నాడు నేనూ మా బావా సుత్తులు పట్టుకుని తయారు. ముక్కలు చేసి గోనెసంచుల్లో కూరేస్తే పనైపోతుందని మా తెలివి. రెండు దెబ్బలు వేశామో లేదో, షిప్‌యార్డులో చేసి రిటైరైన మా బాబాయి గేటు దగ్గర్నుంచే కేకేశారు. "ఒరే ఆపండ్రా! అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది. ముందు తడపండి!"

తడపడానికి నీళ్లేవి? కరెంటు లేదు, మోటారు ఆడదు. తాగడానికే ట్యాంకరు కోసం బిందెలతో పడిగాపులు. చివరికి డాబా మీద నిలిచిన వాననీళ్లు, ఆకులు తేలుతున్నవే, బకెట్లతో దింపి, కాస్త సర్ఫు కలిపి మగ్గుతో పోశాం. పగిలిన అంచున చిక్కుడు పీచులా తెల్లటి నూగు, అదే ఆస్బెస్టాస్ పీచు. ఎండితే అదే గాల్లోకి లేస్తుంది. ఊపిరితిత్తుల్లో చేరితే ఇరవై, ముప్పై ఏళ్లకి కూడా క్యాన్సరై బయటపడొచ్చు. మిగతావి విరగ్గొట్టకుండా ఎత్తి, పరుపుకి వచ్చిన ప్లాస్టిక్ కవర్లో చుట్టి, టేపేసి, "సిమెంటు రేకులు, పగలగొట్టొద్దు" అని మార్కరుతో రాశాం. బాబాయి చీపురు పట్టనివ్వలేదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డా అందులోనే. నేను ముఖానికి కట్టుకున్న తువ్వాలు ఉత్త ధైర్యానికే, ఈ పీచుకి ఎన్95 మాస్కు కూడా చాలదు, పీ100 ఫిల్టరున్న మాస్కు ఉండాలి.

నాలుగో రోజు జేసీబీ వచ్చింది. కొమ్మలు, తీగలు, మా మూట అన్నీ ఒకే తొట్టిలో. కవరు చిరిగి రేకులు పటపటా విరిగాయి. బాబాయి మాట్లాడకుండా లోపలికెళ్లి కిటికీలు మూసుకున్నారు. అసలు ఇలాంటివి విడిగా తీసుకెళ్లడానికి వీధికో బండి పెట్టడం అంత కష్టమా?

గాజుపెంకులు మాత్రం గోనెసంచిలో వెయ్యకండి. మా వీధి ఊడ్చే ఆవిడ హవాయి చెప్పులతో వచ్చేది. సంచి ఎత్తగానే పిక్క చీరుకుపోయింది. ధనుర్వాతం ఇంజక్షన్‌కి ఆటోలో తీసుకెళ్లింది మా అమ్మ. ఖాళీ పెయింటు డబ్బాలో వేసి మూత బిగిస్తే పోయేదానికి!

మొన్న 2024లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా చెల్లెలు బురద వదలట్లేదని బ్లీచింగ్ పౌడర్లో బాత్రూం యాసిడ్ కలపబోయింది. కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాసు. ఫోన్లోనే అచ్చం బాబాయిలా అరిచాను.