అమ్మకు కీళ్లవాతం ఉంది.. నాకూ వస్తుందా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నా వయసు 31. రొయ్యల ప్లాంటులో పని చేస్తాను. అమ్మకు పదేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. వేళ్లు వంకర్లు పోయాయి. మెడికల్ షాపులో ఇచ్చే బిళ్లలతో నెట్టుకొస్తోంది. ఈమధ్య పొద్దున లేవగానే నా వేళ్లూ పట్టేస్తున్నాయి. జీన్ టెస్ట్ చేయించుకుంటే ముందే తెలుస్తుందా?
- ఓ పాఠకురాలు

జవాబు: అమ్మకు ఉంటే కూతురికి వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువన్నది నిజమే. కానీ ఈ జబ్బు మామూలుగా వందమందిలో ఒక్కరికి మించి ఉండదు. దానికి మూడు రెట్లు వేసుకున్నా, మీలాంటి వందమందిలో తొంభై ఐదుమందికి పైగా ఈ జబ్బు రానే రాదు. అంత టెన్షన్ వద్దు.

ఇందులో పెద్ద పాత్ర హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1 అనే జన్యువుది. మన రోగనిరోధక కణాలు ఒంట్లోని ప్రొటీన్ ముక్కలను పట్టుకుని, మనదో పరాయిదో తేల్చమని తెల్లరక్తకణాలకు చూపిస్తాయి. ఆ ముక్కను పట్టుకునే గాడిని తయారు చేసేది ఈ జన్యువే. ఈ జబ్బున్న చాలామందిలో ఆ గాడి దగ్గర ఐదు అమైనో ఆమ్లాల (ప్రొటీన్‌లో పూసల్లా ఉండే భాగాల) వరుస ఒకే తీరుగా ఉంటుందని 1987లో గుర్తించారు. అలాంటి గాడిలో, రూపు మారిన మన సొంత ప్రొటీన్లు బాగా ఇమిడిపోతాయి. వాటిని శత్రువులనుకుని రోగనిరోధక వ్యవస్థ కీళ్ల లోపలి పొర మీద పడుతుంది.

అయితే ఆ తీరు జన్యువున్నా చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. అచ్చుగుద్దినట్టుండే కవలలకు జన్యువులన్నీ ఒకటే కదా, అయినా ఒకరికి జబ్బొస్తే రెండోవారికి వచ్చేది నూటికి 15 మంది దాకానే. అందుకే జీన్ టెస్టుకు డబ్బు పోయకండి. చుట్ట, బీడీ మీ ఇంట్లో ఎవరికి అలవాటున్నా మాన్పించండి. పొగ ఊపిరితిత్తుల్లోని ప్రొటీన్ల రూపు మారుస్తుంది. ఆ జన్యువుకు పొగ తోడైతే ముప్పు చాలా పెరుగుతుంది. చిగుళ్ల జబ్బుంటే దానికీ వైద్యం చేయించండి.

ఇక మీ వేళ్లు. ఐస్ నీళ్లలో గంటల తరబడి రొయ్యలు ఒలిస్తే ఎవరికైనా పట్టేస్తాయి. పది నిమిషాలు కదిలిస్తే వదిలిపోతున్నాయా? అయితే భయం లేదు. గంట దాటినా పిడికిలి బిగియకపోయినా, వేళ్లు మొదలయ్యే కణుపులను పక్కల నుంచి నొక్కితే ప్రాణం పోయినట్టున్నా, కణుపులు ఉబ్బి ఉంగరం ఎక్కకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి. ఈమధ్య చికున్‌గున్యా వచ్చి ఉంటే అదీ చెప్పండి, దాని నొప్పులూ ఇలాగే ఉంటాయి. యాంటీ సీసీపీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, ఈఎస్ఆర్ అనే రక్తపరీక్షలు చేయిస్తే చాలావరకు తేలిపోతుంది.

నాకు మీకంటే మీ అమ్మగారి గురించే ఎక్కువ దిగులుగా ఉంది. షాపు బిళ్లల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. నొప్పి తగ్గినట్టే ఉంటుంది, లోపల కీలు అరుగుతూనే ఉంటుంది. అలాగని ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. రుమటాలజిస్టుకు (కీళ్లవాతం డాక్టరుకు) చూపించండి. వంగిన వేళ్లు మందులతో నిటారు కావు గానీ, మిగిలిన కీళ్లను కాపాడే మందులున్నాయి. వాటిలో మెథోట్రెక్సేట్ రాస్తే వారానికి ఒక్క రోజే వేసుకోవాలి, రోజూ కాదు. వెళ్లేటప్పుడు ఆవిడ వాడుతున్న బిళ్లల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లండి.