మార్కెట్ చెత్తతో వచ్చిన కరెంటు, అపార్ట్‌మెంట్ చెత్తతో వస్తుందా?

ప్రశ్న: సికింద్రాబాద్‌లో బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చెత్తతో కరెంటు తీస్తున్నారట. మా అపార్ట్‌మెంట్‌లో 100 ఫ్లాట్లున్నాయి. అలాంటిది మేమూ పెట్టుకుంటే బిల్లు తగ్గుతుందా?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, కరెంటు తీసిన మాట నిజమే. 2021 జనవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో కూడా చెప్పారు. టెక్నాలజీ మన హైదరాబాద్‌లోని ఐఐసీటీ (కేంద్ర ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థ) వాళ్ళది. రోజుకు సుమారు 10 టన్నుల చెత్త, 500 యూనిట్ల కరెంటు, పైగా క్యాంటీన్ వంటకు 30 కిలోల గ్యాసు అని అప్పుడు చెప్పిన లెక్క. మార్కెట్లో లైట్లకూ ఆఫీసుకూ ఆ కరెంటే వాడేవారు.

కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి, యూనిట్లు అనగానే చెయ్యి కాగితం మీదకు పోతుంది. టన్నుకు 50 యూనిట్లు పడింది. మీ ఇంటింటికీ రోజుకు అర కిలో తడిచెత్త అనుకుందాం. వంద ఇళ్ళకు 50 కిలోలు. అంటే రెండున్నర యూనిట్లు! మీ లిఫ్టుకే చాలదు.

మార్కెట్లో కుదరడానికి అసలు కారణం వేరే ఉంది. అక్కడ వచ్చేదంతా దాదాపు ఒకే రకం సరుకు: వాడిపోయిన ఆకుకూర, పగిలిన టమాటా, క్యాబేజీ రెబ్బలు. అందులో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి తగలబెట్టడం దండగ. ముక్కలు చేసి, రుబ్బి, గాలి చొరబడని ట్యాంకులో వేస్తే సూక్ష్మజీవులు మీథేన్ గ్యాసు తయారుచేస్తాయి, దానితో జనరేటర్ నడుస్తుంది. అదే చెత్త జవహర్‌నగర్ డంపుయార్డు లాంటి చోట గుట్టగా కుళ్ళితే ఆ మీథేన్ ఆకాశంలోకి పోయి, బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కన్నా ఎన్నో రెట్లు వేడి పెంచుతుంది. నా మటుకు, 500 యూనిట్ల కన్నా దాన్ని ఆపడమే పెద్ద లాభం.

ఈ ట్యాంకుతో తంటా ఏమిటంటే, కూరగాయల పిప్పి ఎండాకాలం దోసెల పిండిలా ఇట్టే పులిసిపోతుంది. పులుపు ఎక్కువైతే మీథేన్ చేసే జీవులు పనిచేయవు. రోజూ చూసుకునే మనిషి ఉండాలి. మీ అసోసియేషన్‌లో ఆ పని ఎవరు చేస్తారు? (మీటింగుకే పదిమంది రారు కదా!)

అందుకని మీరు కంపోస్టు చేసుకోండి, మొక్కలకు పనికొస్తుంది. కాదు, గ్యాసే కావాలంటే వీధిలోని కర్రీ పాయింట్లనూ ఫంక్షన్ హాల్‌నూ కలుపుకోండి. తడిచెత్త గుట్టలుగా ఉండేది వాళ్ళ దగ్గరే. వచ్చిన గ్యాసును కరెంటుగా మార్చకుండా నేరుగా పొయ్యికే ఇవ్వండి, మార్చేటప్పుడు సగానికి పైగా వేడి రూపంలో పోతుంది.