పవర్ పోయి వచ్చాక ఓపెన్‌స్టాక్‌ రౌటర్ యాక్టివ్ అంటోంది, ఫ్లోటింగ్ ఐపీకి మాత్రం పింగ్ వస్తూ పోతూ ఉంది

మీ ఓపెన్‌స్టాక్‌లో (సొంత క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్) వీఎంలన్నీ (వర్చువల్ మెషీన్లు) లేచాయి, ఒకే నెట్‌వర్క్‌లో ఒకదాన్నొకటి పింగ్ చేసుకుంటున్నాయి, ఏజెంట్లన్నీ (నోడ్లలో నెట్‌వర్క్ పని చూసే ప్రోగ్రాములు) బతికే ఉన్నాయి, అయినా బయటి నుంచి ఫ్లోటింగ్ ఐపీకి (వీఎంని బయటి నుంచి చేరే అడ్రస్) వచ్చే పింగ్ నిలకడగా లేదు అన్నారు కదా. అచ్చం ఇలాగే నాకూ అయింది. రౌటర్‌ని డిలీట్ చేసి మళ్లీ పెడదామనుకుంటుంటే కాసేపు ఆగండి.

ఆ 'యాక్టివ్' డేటాబేస్‌లో రాసిపెట్టిన మాట. ప్యాకెట్ ఎటు పోతోందో దానికి తెలీదు. మీది హెచ్‌ఏ రౌటర్ (ఒక నోడ్ పోతే ఇంకోటి అందుకునేలా ఒకటికి మించి నోడ్లలో ఉండేది) అయితే, ఆ రౌటర్‌ని మోస్తున్న ఏజెంట్ల లిస్టు లాంగ్ ఆప్షన్‌తో తీసి హెచ్‌ఏ స్టేట్ కాలమ్ చూడండి. ఒక్కటే యాక్టివ్‌గా ఉండాలి. నాకు రెండు కనిపించాయి. రెండు నోడ్లలోనూ గేట్‌వే పోర్టుకు ఒకే మ్యాక్ అడ్రస్ కాబట్టి పై స్విచ్ దాన్ని కాసేపు ఈ పోర్టులో, కాసేపు ఆ పోర్టులో చూస్తోంది. పింగ్ వచ్చి పోయేది అందుకే.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఎల్3 ఏజెంట్‌ని (రౌటర్లని చూసుకునేది) పదే పదే రీస్టార్ట్ చేయడం. ఏజెంట్ ఆగినా క్యూరౌటర్ నేమ్‌స్పేస్ (నోడ్‌లో ఆ రౌటర్‌కి విడిగా ఉండే నెట్‌వర్క్ గది), దాంట్లోని కీప్‌అలైవ్‌డ్ (ఏ నోడ్ యాక్టివ్‌గా ఉండాలో తేల్చే ప్రోగ్రామ్) ఆగవు. మూడు గంటలు పోయాయి.

చివరికి రెండో నోడ్‌లో ఆ నేమ్‌స్పేస్‌లోకి వెళ్లి, హెచ్‌ఏతో మొదలయ్యే ఇంటర్‌ఫేస్ మీద టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లు చూపించే టూల్) పెట్టా. కీప్‌అలైవ్‌డ్‌లు 'నేనున్నా' అని చెప్పుకునేది వీఆర్‌ఆర్‌పీతో; అది ఐపీ ప్రోటోకాల్ 112, పోయేది 224.0.0.18కి, డీఫాల్ట్‌గా 2 సెకన్లకొకటి రావాలి. నా నోడ్ పంపేవి కనిపిస్తున్నాయి, అవతలి నోడ్‌వి ఒక్కటీ లేదు. అవతలివాడు పోయాడనుకుని ఇదే పెత్తనం తీసుకుంది, అంతే.

ఆ వీఆర్‌ఆర్‌పీ పోయేది టన్నెల్ (నోడ్ల మధ్య వీఎంల ట్రాఫిక్ మోసే దారి) మీదుగానే, అందుకే తర్వాత ఒక నోడ్ టన్నెల్ ఐపీ నుంచి ఇంకోదానికి పింగ్ కొట్టా. రాలేదు. మేనేజ్‌మెంట్ ఐపీకి మాత్రం హాయిగా వస్తోంది, ఏజెంట్లు బతికున్నట్టు కనిపించేది ఆ దారిలోనే. అసలు దొంగ స్విచ్: టన్నెల్ వీల్యాన్‌ని (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) ట్రంక్ పోర్టుకి (చాలా వీల్యాన్లు మోసేది) ఎప్పుడో కలిపారు, కాన్ఫిగ్ సేవ్ చేయలేదు. కరెంటు పోగానే స్విచ్ పాత కాన్ఫిగ్‌తో లేచింది. (సేవ్ చేయనిది నేనే అయ్యుండొచ్చు, లాగ్ తీయలేదు!)

వీల్యాన్ కలపగానే రెండింట్లో ఒకటి తనంతట తనే స్టాండ్‌బైకి దిగింది. స్విచ్ మీ చేతిలో లేకపోతే, ఈలోపు టన్నెల్ తెగిన నోడ్‌లోని ఎల్3 ఏజెంట్ నుంచి ఆ రౌటర్‌ని తీసేయండి, దారి బాగయ్యాక తిరిగి చేర్చొచ్చు.

పింగ్ బాగానే వస్తూ ఎస్‌ఎస్‌హెచ్ మధ్యలో బిగుసుకుపోతే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) చూడండి. వీఎక్స్‌ల్యాన్ (టన్నెల్‌లో ప్యాకెట్‌ని చుట్టే పద్ధతి) 50 బైట్లు తింటుంది. వీఎంలో 1500 పెట్టుకుని జంబో ఫ్రేముల (1500 కంటే పెద్దవి) మీద నడిపేవాళ్లకి స్విచ్‌లో ఆ సెట్టింగ్ కూడా ఇలాగే ఎగిరిపోతుంది.

టీసీపీడంప్‌లో ఏం వచ్చిందో పెట్టండి, చూద్దాం.